180ఎస్‌ఎక్స్: మూడో గేరులో తడబాటు, నల్లపొగ. కాయిల్స్ మార్చాలా?

బూస్ట్‌తమ్ముడు:
అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. ఇబ్బంది వచ్చాక గానీ నోరు విప్పలేదు, ఏమీ అనుకోకండి.

బండి నిస్సాన్ 180ఎస్‌ఎక్స్, ఇంజను ఎస్‌ఆర్20డీఈటీ. గాలిని ఒత్తి ఇంజనులోకి తోసే టర్బో కంపెనీ టీ25యే, ఇంజనుని నడిపే కంప్యూటరు ఈసీయూ కూడా కంపెనీదే. పోయిన నెల నేనే సొంతంగా కొన్ని పనులు చేశాను. బంపరు వెనక టర్బో గాలిని చల్లబరిచే పెద్ద ఇంటర్‌కూలర్, దానికి కొత్త పైపులు, సిలికాన్ గొట్టాలు, కాలు తీసినప్పుడు మిగులు గాలిని బయటికి వదిలే బ్లో ఆఫ్ వాల్వు, బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) పెంచడానికి చేత్తో తిప్పే బూస్ట్ కంట్రోలర్, మూడంగుళాల ఎగ్జాస్ట్. అంతకుముందు దాదాపు 0.5 బార్ మీద ఏ గొడవా లేకుండా నడిచేది.

ఇప్పుడు మూడో గేరులో పూర్తిగా తొక్కితే 4500 ఆర్‌పీఎం దాకా బాగానే లాగుతుంది. అక్కణ్ణుంచి పట్ పట్ మని తుమ్ముతున్నట్టు తడబడుతుంది, అద్దంలో చూస్తే వెనక నల్లపొగ. బూస్ట్ ముల్లు 0.8 దాకా వెళ్లి, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ 0.55కి జారిపోతుంది. గేరు మార్చడానికి కాలు తీస్తే ఆర్‌పీఎం ధబాలున పడిపోతుంది, రెండుసార్లు సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోయింది కూడా. ప్లగ్గులు తీసి చూశాను, నాలుగూ లాంతరు చిమ్నీలా మసిబారి ఉన్నాయి.

నా అనుమానం ప్లగ్గులకి కరెంటు ఇచ్చే కాయిల్స్ మీద. నాలుగు కాయిల్స్, ఒక ఇగ్నిటర్ కార్ట్‌లో పెట్టుకుని కూర్చున్నాను. నొక్కెయ్యనా?

గేర్‌పిచ్చోడు:
నొక్కెయ్ బ్రో. ఆ కాయిల్స్ వయసు ఎంతో ఆలోచించు. నాకూ అచ్చం ఇలాగే తడబాటు ఉండేది, కాయిల్స్ మార్చాను, పోయింది.

పాతస్పానరు:
ఆగు తమ్ముడూ, ముందు ఆ వేలు తియ్యి.

కాయిల్ పోతే నల్లపొగ రాదని అనను, కాలని పెట్రోలు ఎలాగూ బయటికి రావాల్సిందే. కానీ కాయిల్ పోతే బూస్ట్ 0.8 నుంచి 0.55కి ఎందుకు జారుతుంది? కాలు తీసినప్పుడు ఆర్‌పీఎం ఎందుకు పడిపోతుంది? మూడు లక్షణాలు చెప్పావు, కాయిల్ వాటిలో ఒక్కదానికే జవాబు. కొనేముందు రెండు సంగతులు చెప్పు. ఆ పనులన్నీ ఒకేసారి చేశావా, ఒక్కోటి చేసి నడిపి చూశావా? బూస్ట్ కంట్రోలర్ ఎన్ని చుట్లు బిగించావు?

బూస్ట్‌తమ్ముడు:
అన్నీ ఒకే శని ఆదివారాల్లో చేశానన్నా. బంపరు మళ్లీ మళ్లీ ఊడదీయడం ఎందుకని.

కంట్రోలర్ సంగతి అంటే, మొదట ఎంత తిప్పినా 0.65 దాటలేదు. ఇంకో రెండున్నర చుట్లు బిగిస్తే 0.8 వచ్చింది.

పాతస్పానరు:
అదే చెబుతున్నాను. నాలుగు మార్పులు ఒకే రోజు చేస్తే ఏది తేడా కొట్టిందో బండి ఎలా చెబుతుంది పాపం.

నీ ఇంజను గాలిని ఎలా లెక్కపెడుతుందో ఒకసారి చూద్దాం. ఫిల్టరు దాటగానే ఎయిర్‌ఫ్లో మీటరు ఉంటుంది. లోపల వేడి తీగ. దాని మీదుగా ఎంత గాలి పోయిందో ఈసీయూకి చెబుతుంది, ఈసీయూ దానికి సరిపడా పెట్రోలు కొడుతుంది. మీటరు దాటిన ప్రతి గాలి బొట్టూ సిలిండర్లోకే వెళ్తుందని దాని నమ్మకం. టర్బో తరవాత, థ్రాటిల్ (పెడల్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) ముందు ఎక్కడో గొట్టం వదులైతే బూస్ట్ రాగానే లెక్కపెట్టిన గాలి బయటికి పోతుంది. పెట్రోలు మాత్రం పూర్తి లెక్కకే పడుతుంది. అందుకే మసి, అందుకే నల్లపొగ. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ టర్బో ఇచ్చేదాంట్లో చిల్లు వాటా పోను ఇంజనుకి చాలదు, ముల్లు జారుతుంది.

కాలు తీసినప్పటి కథా అంతే. కంపెనీ వాల్వు ఆ మిగులు గాలిని మళ్లీ టర్బో ముందుకే తిప్పి పంపుతుంది, లెక్క తప్పదు. నీ కొత్త వాల్వు ప్ష్ష్ అని బయట పారబోస్తుంది. ఆ ఒక్క క్షణం పెట్రోలు ఎక్కువై ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది. వాల్వు స్ప్రింగు మరీ మెత్తగా ఉండి ఐడిల్‌లోనే తెరుచుకుంటే ఇంకో తంటా. అప్పుడు దాని మూతిలోంచి లెక్కలేని గాలి లోపలికి పోతుంది, ఐడిల్ నిలబడదు.

ఇనుపబ్లాక్:
పెద్దాయన మాటకి ఎదురు చెప్పడం కాదు గానీ, నా సుప్రాకి బయటికి వదిలే వాల్వే ఉంది. ఏళ్ల తరబడి నడుపుతున్నా, ఒక్కసారి కూడా ఆగలేదు. ఈ బ్లో ఆఫ్ వాల్వు భయం సగం పుకారే.

పాతస్పానరు:
నీది జపాన్ మార్కెట్ 2జేజెడ్ ఇంజను కదా. దానికి ఎయిర్‌ఫ్లో మీటరే లేదు. మానిఫోల్డ్‌లో (థ్రాటిల్ దాటాక సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లో) ఒత్తిడి చూసి గాలి ఎంతో అంచనా కట్టే మ్యాప్ సెన్సార్ బండి అది. బయట ఎంత పారబోసినా దానికి పట్టదు, లోపలున్నదే చూస్తుంది. అదే ఇంజను ఎగుమతి కార్లలో మీటరుతో వచ్చింది, వాళ్లనడుగు. పుకారు కాదు, మీ ఇద్దరి బండ్లూ గాలిని కొలిచే పద్ధతి వేరు.

ఇనుపబ్లాక్:
ఒప్పుకున్నా. ఇన్నేళ్లూ నా అదృష్టం అనుకున్నా, సెన్సారా!

4జీ63వీరాభిమాని:
మిత్సుబిషి ఎవో వాళ్ల తరఫున నాదో మాట. మా 4జీ63 ఇంజనుకీ మీటరే, కాకపోతే వేడి తీగ కాదు, కార్మన్ వోర్టెక్స్ రకం. గాలిలో లేచే సుడులు లెక్కపెడుతుంది. లీకు విషయంలో మాత్రం మీకున్న ఖర్మే మాకూ.

గొట్టాల దగ్గరే ఆగొద్దు తమ్ముడూ. థ్రాటిల్ బాడీలో ఇరుసు ఉంటుంది కదా, దాని రెండు చివర్లా ఉండే సీళ్లు పాతబడితే అక్కణ్ణుంచీ గాలి పోతుంది. మా ఇంజన్లలో ఇది ఇంటింటి రోగం. ఇంజెక్టర్ల కింద రబ్బరు రింగులు కూడా చూసుకో. ఇవి ఇంకో రకం చిల్లులు. థ్రాటిల్ దాటాక ఉండే చిల్లు బూస్ట్‌లో గాలిని బయటికి వదులుతుంది, ఐడిల్‌లో వాక్యూమ్ కాబట్టి లోపలికి పీలుస్తుంది. అంటే ఒకే చిల్లు పైన పెట్రోలు ఎక్కువ చేస్తుంది, కింద తక్కువ చేస్తుంది. ఇది తెలియక ఒకతను సెన్సార్లన్నీ మార్చేశాడు, చివరికి దొరికింది వేలెడు పొడవు వాక్యూమ్ గొట్టం.

బూస్ట్‌తమ్ముడు:
సరే, కార్ట్ ఖాళీ చేశాను. లీకు ఎలా పట్టుకోవాలి? ఇంజను ఆన్‌లో ఉండగా చెవి పెడితే ఫ్యాను మోత తప్ప ఏమీ వినపడటం లేదు.

పాతస్పానరు:
నడుస్తున్న ఇంజను దగ్గర చెవి పెట్టి లాభం లేదు, ఐడిల్‌లో బూస్టే ఉండదు కదా. ఆపిన ఇంజనులోకి మనమే గాలి కొట్టాలి.

టర్బో మూతికి వచ్చే రబ్బరు పైపు సైజుకి సరిపోయే పీవీసీ మూత ఒకటి తీసుకో. మధ్యలో బెజ్జం వేసి టైరు వాల్వు బిగించు. మీటరు తీసి పక్కన పెట్టి, ఆ పైపు మూతిలో దీన్ని దూర్చి క్లాంపు వెయ్యి. వాల్వు కవరు నుంచి ఆ పైపుకి వచ్చే బ్రీతర్ గొట్టం ఊడదీసి, పైపు వైపు రంధ్రం మూసెయ్. అలా చెయ్యకపోతే నువ్వు కొట్టే గాలంతా క్రాంక్‌కేసులోకి పోయి ఆయిల్ సీళ్లని తోస్తుంది. కంప్రెసరు రెగ్యులేటరు 5 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టు, 10 దాటొద్దు. బార్ లెక్కలో 14.5 పీఎస్‌ఐ ఒక బార్, కాబట్టి పది అంటే నీ రోజువారీ బూస్ట్ కంటే కొంచెం తక్కువే, చాలు. మూతకి ఎదురుగా మాత్రం నిలబడకు. ఊడితే అది ఫిరంగి గుండే.

ఒకసారి థ్రాటిల్ మూసి చెయ్యి, ఒకసారి ఎవరినైనా పెడల్ తొక్కమని చెయ్యి. మొదటిది ఇంటర్‌కూలర్ వైపు పైపులకి, రెండోది మానిఫోల్డ్‌కి. తొక్కినప్పుడు ఆయిల్ మూత తీసి చూస్తే సన్నగా హిస్ మంటుంది. పిస్టను రింగుల పక్కనుంచి వచ్చేది అంతమాత్రం ఉంటుంది, భయపడకు. అదే గట్టిగా ఊదుతుంటే క్రాంక్‌కేసు ఆవిర్లని మానిఫోల్డ్‌లోకి పంపే పీసీవీ వాల్వు తీసి నోటితో ఊది చూడు. ఒకవైపే గాలి పోవాలి. రెండువైపులా పోతే అది చచ్చినట్టే.

సబ్బు నీళ్ల స్ప్రే సీసా పక్కన పెట్టుకో. దానికంటే ముందు టార్చి వేసి గొట్టాల కీళ్ల కింద చూడు. గాలితోపాటు సన్నటి ఆయిల్ ఆవిరి పోతుంది కాబట్టి లీకున్నచోట దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డు చార ఉంటుంది. సగం లీకులు కంప్రెసరు లేకుండానే దొరికేస్తాయి.

రోటరీరోగి:
మీరు నాలుగు గొట్టాలకే ఇలా అంటుంటే మాజ్డా ఎఫ్‌డీ ఆర్‌ఎక్స్7 ఇంటేక్ కింద చూస్తే ఏమంటారో. దాని రోటరీ ఇంజను 13బీ ఆర్‌ఈడబ్ల్యూకి రెండు టర్బోలు ఒకదాని తరవాత ఒకటి అందుకోవడానికి అన్నీ వాక్యూమ్ గొట్టాలూ సొలెనాయిడ్లే, పాముల పుట్ట. సరిగ్గా ఉంటే బూస్ట్ 10 పీఎస్‌ఐకి వచ్చి, 4500 ఆర్‌పీఎం దగ్గర రెండో టర్బో అందుకునేటప్పుడు 8కి దిగి మళ్లీ 10కి ఎక్కుతుంది. ఆ వరుస చెడిందంటే ఏదో ఒక గొట్టం ఎండి పగిలిందనే లెక్క.

నేను మొత్తం సిలికాన్ గొట్టాలు మార్చినప్పుడు ఒక్కోదానికి రెండు చివర్లా కాగితం చీటీ కట్టి, ఫోటో తీసి, అప్పుడే ఊడదీశాను. అయినా ఒక వన్ వే వాల్వు తిరగేసి పెట్టి, రెండో టర్బో ఎందుకు రావట్లేదా అని పది రోజులు బుర్ర గోక్కున్నాను. మా ఇంజనుకి పెట్రోలు ఎక్కువైతే తుమ్ముతుంది, తక్కువై నాకింగ్ (మంట అదుపు తప్పి పేలడం) వస్తే రోటరు మూలల్లో ఉండే ఏపెక్స్ సీళ్లు పోతాయి, అంతే సంగతులు. నీకు ఎక్కువవుతోంది కాబట్టి నువ్వు అదృష్టవంతుడివి.

ఆర్32అభిమాని:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాది నిస్సాన్ స్కైలైన్ ఆర్32 జీటీ ఆర్, కంపెనీ టర్బోలు. బూస్ట్ లైనులో ఉండే ఇరుకు ముక్క తీసేస్తే ఉచితంగా బూస్ట్ పెరుగుతుందని విన్నా. తీసేసి, పైన కంట్రోలర్ పెట్టి 1.2 బార్‌కి తోలొచ్చా?

4జీ63వీరాభిమాని:
వద్దు.

ఇనుపబ్లాక్:
వద్దు బాబూ.

పాతస్పానరు:
ఆ రెండు టర్బోల్లో టర్బైన్ చక్రాలు సిరామిక్‌వి. తేలిక కాబట్టి తొందరగా తిరుగుతాయి, అదే వాటి సుగుణం. వేడీ వేగమూ హద్దు మీరితే చక్రం ఇరుసు నుంచి విడిపోతుంది. ఒక బార్ దగ్గర ఆగిపోవాలన్నది ఆర్‌బీ26 (ఆ కారు ఇంజను) వాళ్లంతా ఎవరో ఒకరిది చూసి నేర్చుకున్న పాఠం. ఆ ఇరుకు ముక్క తీస్తేనే దాదాపు అక్కడికి చేరుకుంటావు, పైన కంట్రోలర్ ఎందుకు? ఇంకా కావాలంటే ముందు స్టీలు చక్రాల టర్బోలు పెట్టించుకో.

జపాన్‌లో కంపెనీలన్నీ 1989 నుంచి 2004 దాకా తమలో తాము ఒప్పుకుని కాగితం మీద ఇంజను పవరు 280 పీఎస్ దాటనివ్వలేదు. అందుకని ప్రతి ఇంజనులోనూ బోలెడంత దాచిపెట్టారని మనవాళ్లకి గట్టి నమ్మకం. ఇంజనులో దాచారేమో గానీ టర్బోలో దాచలేదు.

మోడరేటర్:
ఆర్32 ప్రశ్నకి వేరే చర్చ తెరవండి, ఇక్కడ 180ఎస్‌ఎక్స్ సంగతే మాట్లాడదాం. అలాగే పూర్తి థ్రాటిల్ పరీక్షలు ట్రాక్ మీదో, పవరు కొలిచే డైనో మీదో చెయ్యండి, మామూలు రోడ్డు మీద వద్దు.

బాక్సర్‌బాబాయి:
లీకు పరీక్షలో గొట్టాలు ఊడదీసినప్పుడు లోపల కొంచెం ఆయిల్ కనపడితే టర్బో పోయిందని హడలిపోకు. బ్రీతర్ నుంచి వచ్చే ఆవిరి కొంత ఎప్పుడూ ఉంటుంది.

నేను అలాగే హడలిపోయి బుర్ర తక్కువ పని చేశాను. మా సుబారు ఈజే20 ఇంజను కాసేపు ఐడిల్‌లో ఉండి కదిలితే చాలు, నీలం పొగ. టర్బో సీళ్లు పోయాయని తీర్మానించి బల్ల మీద విప్పేశాను. తీరా చూస్తే అందులో రబ్బరు సీలే లేదు! పిస్టను రింగులాంటి సన్నటి లోహపు రింగులు, అంతే. అవి ఆయిల్‌ని ఆపాలంటే కింద నుంచి ఆయిల్ తనంతట తాను జారిపోతూ ఉండాలి. నేను అంతకుముందు మార్చిన డ్రైన్ గొట్టం అరంగుళం పొడుగెక్కువై మడత పడింది. కిందికి పోలేని ఆయిల్ చక్రాల వైపు తోసుకొచ్చింది. గొట్టం కత్తిరించి నిటారుగా పెట్టాను, పొగ మాయం. టర్బో విప్పిన పాపానికి బ్యాలెన్సింగ్‌కి పంపాల్సొచ్చింది, అది వేరే కథ.

బూస్ట్‌తమ్ముడు:
దొరికింది!!!

వరసగా చెబుతాను. మూత చేసుకుని 5 పీఎస్‌ఐ కొట్టగానే మూత ఊడి గ్యారేజీ గోడకి తగిలి, పెయింట్ డబ్బా మీద పడింది. పక్కకి నిలబడమన్నారు కాబట్టి బతికిపోయాను. పైపు లోపల ఆయిల్ జిడ్డు ఉంది, అందుకే జారింది. శుభ్రంగా తుడిచి మళ్లీ బిగించాను.

ఈసారి 8 పీఎస్‌ఐ దగ్గర ముందు వైపు నుంచి పాము బుసలాంటి చప్పుడు. బంపరు తీసి, ఇంటర్‌కూలర్ నుంచి గాలి బయటికి వచ్చే వైపు సిలికాన్ ముక్క మీద సబ్బు నీళ్లు కొట్టాను. పైన ఏమీ లేదు. కింద చెయ్యి పెడితే వేళ్లకి చల్లగా గాలి తగిలింది. అద్దం పెట్టి చూస్తే నురగ కుప్పలు కుప్పలుగా పొంగుతోంది. ముక్క తీసి చూశాను. పైపు చివర ఉబ్బెత్తుగా ఒక అంచు ఉంటుంది కదా, నేను క్లాంపు దాని వెనక కాకుండా సరిగ్గా దాని మీదే బిగించాను. పైన నుంచి బిగించడంతో కింద కనపడలేదు. క్లాంపు గాట్లు సిలికాన్‌లో దిగి బొటనవేలి గోరంత చీలిక. పాతస్పానరన్న చెప్పిన జిడ్డు చార చక్కగా అక్కడే ఉంది, టార్చి వేసి ఉంటే మొదటి రోజే దొరికేది.

కొత్త ముక్క వేసి, ఈసారి టీ బోల్ట్ క్లాంపు అంచు వెనక పెట్టి బిగించాను. థ్రాటిల్ తెరిచి కూడా చూశాను, ఆయిల్ మూత దగ్గర సన్నటి హిస్ తప్ప ఏమీ లేదు. కంపెనీ వాల్వు కూడా మళ్లీ పెట్టేశాను. ప్ష్ష్ పోయింది, కొంచెం బాధగానే ఉంది. రేపు ట్రాక్ రోజు, అక్కడే తోలి చెబుతాను.

పాతస్పానరు:
శభాష్. తోలేముందు ఒక్క పని మర్చిపోకు. కంట్రోలర్ పూర్తిగా వదులు చెయ్యి, కుదిరితే తీసేసి టర్బో నుంచి యాక్చువేటర్‌కి (ఎగ్జాస్ట్‌ని టర్బో పక్కనుంచి పంపి బూస్ట్ ఆపే వేస్ట్‌గేట్ తలుపుని తెరిచేది) గొట్టం నేరుగా కలుపు. లీకు ఉండగా 0.8 తెప్పించడానికి రెండున్నర చుట్లు అదనంగా బిగించావు. లీకు పోయింది, ఆ చుట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

బూస్ట్‌తమ్ముడు:
అన్నా, మీ పోస్టు ఇప్పుడే చూశాను. తోలడం అయిపోయింది.

మూడో గేరు, 3000 దగ్గర తొక్కాను. ఇంతకుముందు ఎప్పుడూ లేనంత లాగింది. నవ్వు మొదలైంది. ముల్లు 0.8 దాటింది, ఒకటి దాటింది, 1.1 దగ్గర ఎవరో వెనక నుంచి తాడు పట్టి లాగినట్టు బండి ఒక్కసారి ఆగినట్టయి, తల స్టీరింగు మీదికి వచ్చింది. ఇంజను పేలిందనే అనుకున్నాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. ఇప్పుడు మామూలుగా ఐడిల్ అవుతోంది. ఏమైనా విరిగిందా?

పాతస్పానరు:
విరగలేదు. అది ఫ్యూయల్ కట్. గాలి లెక్క హద్దు దాటేసరికి ఈసీయూ పెట్రోలు ఆపేసింది. చాలామంది దాన్ని తప్పించే డబ్బా పెట్టి మోసం చేస్తారు. ఈరోజు నీ పిస్టన్లు కాపాడింది ఆ హద్దే, దాని జోలికి పోవద్దు.

అయినా కంప్రెషన్ చూసుకో, మనసుకి శాంతి. ఇంజను వేడిగా ఉండగా నాలుగు ప్లగ్గులూ తీసి, పెట్రోలు, కరెంటు రెండూ ఆపి, పెడల్ పూర్తిగా తొక్కి తిప్పు. పెడల్ తొక్కకపోతే గాలందక అంకెలన్నీ తక్కువ చూపిస్తాయి. అంకె ఎంతన్నది కంటే నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. తరవాత నేను చెప్పినట్టు గొట్టం నేరుగా కలిపి, స్ప్రింగు ఎంత ఇస్తుందో అంత బూస్ట్ మీదే మొదలుపెట్టు. వేస్ట్‌గేట్ స్ప్రింగు కంటే తక్కువ బూస్ట్ ఎలాగూ రాదు, అదే నీ నేల. అక్కణ్ణుంచి పావు చుట్టు, పావు చుట్టు పైకి. మూడంగుళాల ఎగ్జాస్ట్ పెట్టావు కాబట్టి ఇంకోటి కూడా గమనించు. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ బూస్ట్ తనంతట తాను పాకుతుంటే వేస్ట్‌గేట్ రంధ్రం చాలట్లేదన్నమాట, కంట్రోలర్ ఎంత తిప్పినా అది లొంగదు.

బూస్ట్‌తమ్ముడు:
నాలుగు సిలిండర్లూ 5 పీఎస్‌ఐ తేడాలోపే ఉన్నాయి. అబ్బా, నిన్నటి నుంచి ఇప్పుడే సరిగ్గా ఊపిరి పీల్చాను.

ఇవాళ్టి సంగతి. గొట్టం నేరుగా కలిపితే 0.5 బార్, చివర్లో 0.45. పాకడం లేదు. సిగ్నల్ దగ్గర ఆగడం పోయింది, పొగా పోయింది. తరవాత కంట్రోలర్ పెట్టి కొంచెం కొంచెంగా 0.7కి తెచ్చాను. ఒక వంతు పెట్రోలుకి ఎన్ని వంతుల గాలో చూపించే వైడ్‌బ్యాండ్ మీటరు స్నేహితుడి దగ్గర తీసుకుని, టర్బో దాటగానే ఉండే ఎగ్జాస్ట్ పైపులో (డౌన్‌పైపు) పెట్టాను. ఫుల్ బూస్ట్‌లో 11.3 చూపిస్తోంది. కానీ 6000 దగ్గర ఇంకా చిన్న తడబాటు ఉంది, అప్పుడు అంకె ఒక్క క్షణం 15కి ఎగురుతోంది. అంటే అక్కడ పెట్రోలు చాలట్లేదా? ఫ్యూయల్ పంపు మార్చాలా?

4జీ63వీరాభిమాని:
మళ్లీ కార్ట్ తెరిచాడు!

పాతస్పానరు:
నిజంగా పెట్రోలు చాలకపోతే అంకె 11.3 నుంచి 12, 12.5, 13 అంటూ మెట్లు ఎక్కినట్టు పోతుంది. ఒక్క క్షణంలో 15కి ఎగిరి మళ్లీ 11కి దిగిందంటే అది మిస్‌ఫైర్, అంటే సిలిండర్లో నిప్పు అంటుకోకపోవడం. ఆ మీటరు కొలిచేది పెట్రోలుని కాదు, ఎగ్జాస్ట్‌లో మిగిలిన ఆక్సిజన్‌ని. నిప్పు పడకపోతే ఆ సిలిండర్లో ఆక్సిజన్ కాలకుండా అలాగే బయటికి వస్తుంది, మీటరు దాన్ని చూసి పెట్రోలు తక్కువని అబద్ధం చెబుతుంది. దాన్ని నమ్మి ఇంకా పెట్రోలు పోస్తే తడబాటు ఇంకా పెరుగుతుంది.

ప్లగ్గుల గ్యాప్ ఎంతుంది?

బూస్ట్‌తమ్ముడు:
మసి పట్టినవి తీసేసి కొత్తవి వేశానన్నా. డబ్బాలోంచి తీసి వేశాను, కొలవలేదు.

ఇప్పుడే తీసి కొలిచాను. 1.1.

పాతస్పానరు:
1.1 మిల్లీమీటరు బూస్ట్ తక్కువున్నప్పుడు బాగానే ఉంటుంది. సిలిండర్లో ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ సందు దాటడానికి నిప్పురవ్వకి ఎక్కువ వోల్టేజీ కావాలి, నీ పాత కాయిల్స్ 6000 దగ్గర అంత ఇవ్వలేక నీరసిస్తున్నాయి. 0.8 పెట్టు. మధ్య కడ్డీ మీద బలం పెట్టకుండా పై కొక్కెం మాత్రమే నెమ్మదిగా వంచు. బూస్ట్ ఇంకా పెంచే ఆలోచన ఉంటే ఒక మెట్టు చల్లటి ప్లగ్ వెయ్యి. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లన, అంటే 6 బదులు 7. నీ 0.7కి అవసరం లేదు.

బూస్ట్‌తమ్ముడు:
0.8 పెట్టి డైనో మీద మూడుసార్లు తోలాను. రెడ్‌లైన్ దాకా గీత గీసినట్టు పోయింది. వైడ్‌బ్యాండ్ 11.2, 11.4 మధ్యే, ఎగరడం లేదు. ఇంతా చేసి మార్చింది ఒక సిలికాన్ ముక్క, ఒక క్లాంపు, నాలుగు ప్లగ్గులు. కాయిల్స్ అన్నీ పాతవే. అందరికీ దండాలు.

గేర్‌పిచ్చోడు:
అంతా బాగుంది గానీ, మరి నాకు కాయిల్స్ మారిస్తే తడబాటు ఎలా పోయింది?

పాతస్పానరు:
కాయిల్స్ మార్చిన రోజు ప్లగ్గులు కూడా మార్చావా?

గేర్‌పిచ్చోడు:
మార్చాను. ఎలాగూ విప్పాం కదా అని.

పాతస్పానరు:
గ్యాప్?

గేర్‌పిచ్చోడు:
0.8.

పాత కాయిల్స్ అటక మీద డబ్బాలోనే ఉన్నాయి. ఆదివారం పెట్టి చూస్తాను.